ఊడ్వని నేల

కుమాసీ ఆసుపత్రిలో పద్నాలుగేళ్ళు
నడవాలు తుడిచినదాన్ని.
నేలలో నా ముఖం నాకు కనిపించాకే
బకెట్ ఎత్తేదాన్ని.

పెద్దమ్మ అజాపొమా పోయాక
మా ఆనవాయితీ ప్రకారం తోట నాకొచ్చింది:
జువాబొసో దాటి, ఎర్రమట్టి దారి
వాగులో మునిగిపోయే చోట, మూడెకరాల కోకో.
కొడుకులకి రేడియో, కుర్చీలు.
నాకు చెట్లు, ఒక పొడవాటి కత్తి,
అరిగిపోయిన ఈనెల చీపురు.

మొదటి రోజే మొదలుపెట్టాను.
చెప్పుల కింద కరకరలాడే ఆకులు,
నల్లబడ్డ కాయడొప్పలు, కుళ్ళిన అరటిబొదెలు.
ఇదేం మనిషివే పెద్దమ్మా, అనుకున్నాను.
చెట్టు చెట్టుకీ మొదలు దాకా ఊడ్చి
పోగుపెట్టి తగలబెట్టాను.
తోటంతా వార్డులా మెరిసింది.

పూలొచ్చాయి.
కొమ్మ చివర కాదు, ఆకుల చాటున కాదు,
ముసలి మానుకే, బెరడు చీల్చుకుని,
పసిపిల్ల చెవిపోగంత తెల్లపూలు.
వచ్చినవి వచ్చినట్టే రాలాయి.
వాటినీ ఊడ్చాను.

రెండో ఏడూ అంతే.
ఎరువు కొన్నాను. మందు కొట్టించాను.
పాస్టరుని పిలిచి ప్రార్థన చేయించాను.
తూకం దగ్గర నా బస్తా చూసి
గుమస్తా కలం మూత కూడా తియ్యలేదు.

పక్క తోట బొవాఫో తాత
ఒక సాయంత్రం హద్దు చెట్టుకి ఆనుకుని
చాలాసేపు నా చీపురు చప్పుడు విన్నాడు.
"పెళ్ళికూతుర్ని ముస్తాబు చేశావు,
పెళ్ళికొడుకు కొంప తగలబెట్టావు" అన్నాడు.

ఆ పువ్వుకి తేనెటీగ పనికిరాదట.
గుమ్మం చిన్నది, పైగా వంకర.
దూరగలిగేది ఒక దోమ.
దోమ అనడానికీ లేదు,
దాని పక్కన ఆవగింజ గుమ్మడికాయ.
అది పుట్టేది కుళ్ళులో:
తడిసిన ఆకు కింద, పగిలిన డొప్పలో,
అరటిబొదె లోపలి పసరు చీకట్లో.
"మీ పెద్దమ్మకి ఊడ్వడం రాదనుకున్నావా?
ఆవిడ వాకిలి చూళ్ళేదు నువ్వు.
అన్నం పెట్టుకుని తినొచ్చు."

నిజమే. ఆ చీపురు నా చేతికొచ్చేసరికే
జానెడు మిగిలింది.

ఊడ్వకుండా ఉండటం ఎంత కష్టమో
ఊడ్చే చేతికే తెలుసు.
ఆకు రాలిన ప్రతి చప్పుడుకీ భుజం కదిలేది.
చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని,
ఆపరేషన్ గది బయట కూర్చునే వాళ్ళలాగా.
అరటిబొదెలు నేనే నరికి పరిచాను,
నేనే ముక్కు మూసుకున్నాను.

వానలు దాటాక
మానుకి వేలెడేసి పిందెలు.
లెక్కపెట్టాను, ఒక్క చెట్టుకే నూట పన్నెండు.
పది రోజుల్లో సగానికి పైగా
నల్లబడి, రాలకుండా, అక్కడే ఎండిపోయాయి.
పరుగెత్తాను.
తాత చుట్ట కూడా నోట్లోంచి తియ్యలేదు.
"మొయ్యగలిగినన్నే ఉంచుకుంటుంది.
మోసేది అది. మధ్యలో నీకెందుకు ఏడుపు?"

కోత రోజున కాయని మెలిపెట్టి లాగబోతే
చెయ్యి పట్టుకుని ఆపాడు.
తొడిమ దగ్గర కత్తి ఆనించి తెంపాలి.
బెరడు మీది బొడిపెకి గీత పడకూడదు.
వచ్చే ఏడు పువ్వు అక్కడే, ఆ అంగుళంలోనే.
తాకి చూశాను.
ప్రసవాల వార్డులో పక్కదుప్పటి మార్చేటప్పుడు
పసివాళ్ళ బొడ్డు దగ్గర
అలాగే గట్టిగా, అలాగే కొత్తగా ఉండేది.

ఈసారి గుమస్తా మూత తీశాడు.
అంకె పెద్దదేం కాదు. రాశాడు.

చీపురు ఎప్పుడో తోటలోనే మర్చిపోయాను.
నిన్న ఆకుల కింద కాలికి తగిలింది.
కట్టు కుళ్ళి, ఈనెలు విడిపోయి,
వాటి మధ్య తెల్లగా బూజు.
తీద్దామని వంగాను.
చెంప పక్కన ఏదో కదిలింది,
ఉందో లేదో తెలియనంత.
వంగినదాన్ని వంగినట్టే
అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కొచ్చాను,
నిద్రపోతున్న వార్డు తలుపు చేరవేసినట్టు.

రేపు సంతకెళ్ళాలి.
వాకిలికి ఇంకో చీపురు కొనాలి.